రాస్టర్ మ్యాప్ ప్రొజెక్షన్ మార్చినా బొమ్మ పాడవకుండా: పిక్సెల్ సైజు నుంచి రీశాంప్లింగ్ దాకా

సెంటినెల్-2 ఉపగ్రహం తీసిన బొమ్మను డౌన్‌లోడ్ చేసి తెరిస్తే రోడ్లు, చెరువు కట్టలు శుభ్రంగా కనబడతాయి. వెబ్ మ్యాప్ కోసం దాన్నే వేరే ప్రొజెక్షన్‌లోకి, అంటే గుండ్రటి భూమిని చదును మ్యాప్‌గా పరిచే వేరే పద్ధతిలోకి మార్చి మళ్లీ తెరిస్తే ఏదో తేడా కొడుతుంది. తిన్నగా ఉండాల్సిన రోడ్డు మెట్లు మెట్లుగా విరిగి ఉంటుంది, లేదా బొమ్మంతా కాస్త మసకబారి ఉంటుంది. పైగా ఫైలు సైజు పెరుగుతుంది. ఫైలు పెద్దదైనప్పుడు క్వాలిటీ ఎందుకు తగ్గిందని టెన్షన్ పడేవాళ్లు చాలామంది.

తప్పు ప్రొజెక్షన్‌ది కాదు. ప్రొజెక్షన్ మార్చేటప్పుడు మూడు సంగతులు తేల్చుకోవాలి: కొత్త పిక్సెల్ ఎంత సైజులో ఉండాలి, దాని విలువను ఎలా లెక్కగట్టాలి, ఈ మార్పిడి మొత్తం ఎన్నిసార్లు జరగాలి. వీటిని మీరు తేల్చకపోతే సాఫ్ట్‌వేరే తేల్చేస్తుంది. అది చూసుకునేది వేగం, మీ బొమ్మ అందం కాదు. డైలాగ్ బాక్స్ తెరిచి గుడ్డిగా ‘రన్’ నొక్కితే జరిగేది అదే.

ఇక్కడి మెనూలు క్యూజీఐఎస్ (QGIS) అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌వి. దాని వెనక అసలు పని చేసేది జీడాల్ (GDAL) లైబ్రరీ. ఆర్క్‌జీఐఎస్ వాడేవాళ్లకు మెనూల పేర్లు వేరుగా ఉంటాయి గానీ లెక్కలు మాత్రం ఇవే.

లోపల అసలేం జరుగుతుంది

పాత పిక్సెళ్లను ఒక్కొక్కటిగా తీసుకెళ్లి కొత్త చోట అతికిస్తారని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. సాఫ్ట్‌వేర్ ముందు కొత్త ప్రొజెక్షన్‌లో ఖాళీ గడులు గీస్తుంది. ఒక్కో ఖాళీ గడి నడిబిందువును పట్టుకుని, పాత బొమ్మలో ఈ చోటు ఎక్కడుందని వెనక్కి వెళ్లి వెతుకుతుంది. ఆ చోటు పాత పిక్సెల్ సరిగ్గా మధ్యలో పడటం అరుదు. రెండు పిక్సెళ్ల నడుమనో, నాలుగు కలిసే మూలలోనో పడుతుంది. వాకిట్లో ఒకసారి ముగ్గు చుక్కలు పెట్టి, వాటిపైనే కాస్త ఒంకరగా, కాస్త ఎడం మార్చి ఇంకో వరస చుక్కలు పెడితే ఏ చుక్కా మరో చుక్క మీద కూర్చోదు కదా, అలాంటిదే ఇది. అప్పుడు కొత్త గడికి ఏ విలువ ఇవ్వాలి? ఆ నిర్ణయం పేరే రీశాంప్లింగ్. క్వాలిటీ నిలిచినా పోయినా ఇక్కడే.

హైదరాబాద్ మీద లెక్క వేద్దాం. నగరం ఉన్నది యూటీఎం (భూమిని ఆరేసి డిగ్రీల నిలువు జోన్లుగా విడగొట్టే ప్రొజెక్షన్) 44 ఉత్తర జోన్‌లో. ఈ జోన్ 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం దాకా ఉంటుంది, దాని నడి రేఖ 81 డిగ్రీలు. హైదరాబాద్ సుమారు 78.5 డిగ్రీల దగ్గర, అంటే నడి రేఖకు పడమరగా రెండున్నర డిగ్రీల దూరంలో ఉంది. అందువల్ల అక్కడ యూటీఎం గడుల నిలువు గీతలు అసలు ఉత్తరానికి సుమారు 0.75 డిగ్రీలు పక్కకు ఒరిగి ఉంటాయి. వెబ్ మ్యాప్‌లు వాడే వెబ్ మెర్కేటర్ ప్రొజెక్షన్‌లో నిలువు గీత అంటే అసలు ఉత్తరమే. కాబట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు బొమ్మ 0.75 డిగ్రీలు తిరుగుతుంది.

ముప్పావు డిగ్రీ ఏం లెక్క అనిపిస్తుంది. కానీ ఆ వంపుకు ప్రతి 76 పిక్సెళ్లకు ఒక పిక్సెల్ పక్కకు జరగాలి. సెంటినెల్-2 టైల్‌లో (ఒక ముక్క బొమ్మలో) పిక్సెల్ నేల మీద 10 మీటర్లుండే బ్యాండ్లకు 10,980 అడ్డ వరసలు, 10,980 నిలువు వరసలు ఉంటాయి. ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లేసరికి దాదాపు 144 పిక్సెళ్ల జరుగుడు. శంషాబాద్ విమానాశ్రయంలో పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు, అంటే బొమ్మలో 426 పిక్సెళ్లు. పద్ధతి సరిగ్గా ఎంచుకోకపోతే ఆ ఒక్క రన్‌వే మీదే ఐదారు చోట్ల విరుపులు కనబడతాయి. మెట్లు మెట్లుగా విరిగిన రోడ్ల రహస్యం ఇదే.

అడుగు 1: అసలు మార్చాలా?

క్యూజీఐఎస్‌లో వేర్వేరు ప్రొజెక్షన్ల లేయర్లు ఒకే తెర మీద చక్కగా కూర్చుంటాయి. తెర మీద చూపించడం కోసం అది అప్పటికప్పుడు మార్చుకుంటుంది, ఫైలు జోలికి పోదు. కేవలం చూడటానికో, పైన గీతలు గీసుకోవడానికో, ప్రింట్ లేఅవుట్‌కో అయితే ఫైలును మార్చాల్సిన పనే లేదు.

తెర మీద బొమ్మ గరుకుగా కనిపిస్తుంటే ముందు లేయర్ ప్రాపర్టీస్‌లో సింబాలజీ పేజీకి వెళ్లి కింద ఉన్న రీశాంప్లింగ్ భాగం చూడండి. దగ్గరికి జూమ్ చేసినప్పుడు, దూరంగా జూమ్ చేసినప్పుడు ఏ పద్ధతి వాడాలో అక్కడ వేరువేరుగా ఇవ్వొచ్చు. మామూలుగా రెండూ నియరెస్ట్ నైబర్‌లో, అంటే అన్నింటికంటే దగ్గరి పిక్సెల్ విలువనే తీసుకునే పద్ధతిలో ఉంటాయి (మిగతా పద్ధతుల సంగతి అడుగు 5లో). దగ్గరికి క్యూబిక్, దూరానికి యావరేజ్ లేదా బైలీనియర్ పెడితే బొమ్మ అక్కడికక్కడే తేరుకుంటుంది. చాలామంది ఫైలు పాడైందనుకునే బొమ్మల్లో సగం ఈ సెట్టింగ్ వల్ల అలా కనిపించేవే.

ఫైలు నిజంగా మార్చాల్సిన సందర్భాలు కొన్నే: వెబ్ టైల్స్ తయారు చేయాలి, రెండు రాస్టర్లను (పిక్సెల్ గడుల బొమ్మలను) పిక్సెల్‌కు పిక్సెల్ కలిపి లెక్క చేయాలి, లేదా అవతలి ఆఫీసు ఫలానా ప్రొజెక్షన్‌లోనే కావాలని అడిగింది. విశ్లేషణ మీ చేతిలోనే ఉంటే దాన్ని అసలు గడుల మీదే పూర్తి చేయండి. ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచిక) లెక్క, వర్గీకరణ లాంటివి సెంటినెల్ వచ్చిన యూటీఎంలోనే చేసి, చివరి ఫలితాన్ని మాత్రం ఒక్కసారి మార్చడం మేలు.

ఇంకో దారి కూడా ఉంది: డేటా పుట్టే చోటే కావాల్సిన ప్రొజెక్షన్ అడగడం. డ్రోన్ ఫోటోలను ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో కుట్టేటప్పుడే అవుట్‌పుట్ ప్రొజెక్షన్ ఇచ్చేస్తే తర్వాత మార్పిడి బెడద ఉండదు. గూగుల్ ఎర్త్ ఇంజిన్ నుంచి ఎగుమతి చేసేవాళ్లు ప్రొజెక్షన్‌తో పాటు స్కేల్ కూడా తప్పక రాయాలి. అక్కడ ఏమీ ఇవ్వకపోతే స్కేల్ 1,000 మీటర్లకు వెళ్లిపోతుంది, రీశాంప్లింగ్ నియరెస్ట్ అవుతుంది.

అడుగు 2: చేతిలో ఉన్నదేంటో చదవండి

లేయర్ ప్రాపర్టీస్‌లో ఇన్ఫర్మేషన్ పేజీ తెరిచి ఇవి కాగితం మీద రాసుకోండి: ప్రొజెక్షన్ పేరు, పిక్సెల్ సైజు, డేటా టైప్, నోడేటా విలువ (డేటా లేని పిక్సెల్‌కు గుర్తుగా పెట్టిన అంకె), రంగుల పట్టిక ఉందా, పిరమిడ్లు (వేగంగా చూపించడానికి ముందే కట్టిన చిన్న నకళ్లు) ఉన్నాయా.

పిక్సెల్ సైజు 10, మైనస్ 10 అని ఉంటే యూనిట్ మీటర్లు. 0.000277 లాంటి సంఖ్య కనబడితే అది డిగ్రీలు, అంటే ఒక ఆర్క్ సెకండ్. ఈ తేడా గమనించకుండా తర్వాత డైలాగ్‌లో 10 అని కొడితే, డిగ్రీల ప్రొజెక్షన్‌లో అది 10 డిగ్రీల పిక్సెల్ అవుతుంది. జిల్లా మొత్తం ఒకే చుక్కగా బయటికొస్తుంది.

ఈ దశలోనే ఇంకో గందరగోళం వదిలించుకోవాలి. ‘సెట్ లేయర్ సీఆర్‌ఎస్’ అనేది ప్రొజెక్షన్ మార్చదు, ఫైలుకు పేరు మాత్రమే తగిలిస్తుంది. ఫైలుకు ప్రొజెక్షన్ సమాచారం లేకపోతే లేదా తప్పుగా ఉంటేనే అది వాడాలి. పిక్సెళ్లను నిజంగా మార్చేది ‘వార్ప్’.

అడుగు 3: ఎక్కడికి మార్చాలి

తెలుగు రాష్ట్రాల్లో పనిచేసేవాళ్లకు ఒక చిక్కుంది. 78 డిగ్రీల రేఖ మన మధ్య నుంచే పోతుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ 44వ జోన్‌లో ఉంటే అనంతపురం 43వ జోన్‌లోకి వస్తుంది. అటు శ్రీకాకుళం జిల్లా కొసన పలాస, ఇచ్ఛాపురం 84 డిగ్రీలు దాటి 45వ జోన్‌లో పడతాయి. కాబట్టి ఆంధ్రప్రదేశ్ మొత్తానికి సెంటినెల్ బొమ్మలు తెస్తే మూడు జోన్లవి కలిసి వస్తాయి.

రాష్ట్రం మొత్తాన్ని ఒకే ఫైలుగా కలపాలంటే అన్నింటినీ 44కే, అంటే ఈపీఎస్‌జీ (ప్రొజెక్షన్ల కోడ్) 32644కే తేవడం నా సలహా. పడమటి కొసన స్కేల్ తేడా ఒక శాతంలో పావు వంతు కూడా దాటదు, 10 మీటర్ల పిక్సెల్ మీద అది రెండు సెంటీమీటర్ల చిల్లర. కాకపోతే 43 నుంచి 44కు మారే అనంతపురం బొమ్మ ఒకటిన్నర డిగ్రీ తిరుగుతుంది, ప్రతి 38 పిక్సెళ్లకు ఒక జరుగుడు. అక్కడ రీశాంప్లింగ్ విషయంలో ఇంకాస్త జాగ్రత్త పడాలి.

వెబ్ మ్యాప్ కోసమైతే ఎంచుకునేదేం లేదు, వెబ్ మెర్కేటరే, ఈపీఎస్‌జీ 3857. దాని మీద విస్తీర్ణాలు మాత్రం కొలవకండి. హైదరాబాద్ దగ్గర పొడవు సుమారు 5 శాతం, విస్తీర్ణం 10 శాతం ఎక్కువ చూపిస్తుంది. శ్రీనగర్ దాకా వెళ్తే విస్తీర్ణం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది.

అడుగు 4: పిక్సెల్ సైజు మీరే లెక్కగట్టండి

అసలు కీలకం ఇది. ‘అవుట్‌పుట్ రిజల్యూషన్’ గడిని ఖాళీగా వదిలేస్తే జీడాల్ తనే ఒక సంఖ్య తేలుస్తుంది. మూల నుంచి మూలకు కర్ణం మీద పాత బొమ్మలో ఎన్ని పిక్సెళ్లున్నాయో కొత్తదాంట్లోనూ అన్నే ఉండేలా చూస్తుంది. ఫలితం చెడ్డదేం కాదు, కానీ 10.47 తర్వాత నాలుగైదు అంకెలతో ఒక వింత సంఖ్య వస్తుంది. పక్క టైల్‌కు ఇంకో వింత సంఖ్య. రెండూ పక్కపక్కన పెడితే గడులు కలవవు.

వెబ్ మెర్కేటర్‌కు సూత్రం చాలా తేలిక: అసలు పిక్సెల్ సైజును ఆ చోటి అక్షాంశపు కొసైన్‌తో భాగించాలి. హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు, కొసైన్ 0.954. పదిని దాంతో భాగిస్తే సుమారు 10.5. అంటే నేల మీది 10 మీటర్లు వెబ్ మెర్కేటర్ యూనిట్లలో 10.5 అవుతాయి. తెలియక అక్కడ 10 అని ఇస్తే మీరు పిక్సెళ్లను 5 శాతం పెంచమని అడుగుతున్నట్టు. నియరెస్ట్ పద్ధతిలో అయితే ప్రతి 21 వరసలకు ఒక వరస రెండుసార్లు అచ్చవుతుంది.

వెబ్ టైల్స్‌కు ఇంకో కట్టుబాటు ఉంది. అక్కడ పిక్సెల్ సైజులు ముందే ఖరారు. జూమ్ సున్నా దగ్గర 256 పిక్సెళ్ల టైల్‌లో ఒక పిక్సెల్ 156543.03 మీటర్లు, ఒక్కో జూమ్‌కు అది సగం అవుతూ పోతుంది. జూమ్ 13కి 19.11, జూమ్ 14కి 9.55, జూమ్ 15కి 4.78. మన 10.5ను వీటి పక్కన పెట్టి చూస్తే జూమ్ 13 దగ్గర వివరం పోతుంది, జూమ్ 14 దగ్గర మొత్తం నిలబడుతుంది. జూమ్ 15, 16లకు టైల్స్ చేసినా కొత్త వివరం రాదు, సర్వర్‌లో జాగా మాత్రం నాలుగేసి రెట్లు పెరుగుతుంది. 14 దగ్గర ఆపి, ఆపైన సాగదీసే పని బ్రౌజర్‌కు వదిలేయండి.

డ్రోన్ బొమ్మకూ ఇదే లెక్క. విజయవాడలో 5 సెంటీమీటర్ల బొమ్మ వెబ్ మెర్కేటర్‌లో 5.2 సెంటీమీటర్లు అవుతుంది. జూమ్ 21 అంటే 7.5, జూమ్ 22 అంటే 3.7. ఊరి మ్యాప్ చూపించడానికి 21 చాలు. బొమ్మలోని వివరం మొత్తం నిలవాలంటే 22కు వెళ్లక తప్పదు.

డిగ్రీల్లో ఉన్న ఎత్తుల డేటాను యూటీఎంకు తేవడం ఇంకో మామూలు పని. ఎస్‌ఆర్‌టీఎం ఒక ఆర్క్ సెకండ్ డేటాలో మన దగ్గర, అంటే 17 డిగ్రీల అక్షాంశంలో, పిక్సెల్ ఉత్తర దక్షిణాలుగా 30.7 మీటర్లు, తూర్పు పడమరలుగా 29.6 మీటర్లు. అది చతురస్రం కాదు. దాన్ని 30 మీటర్లకు తెచ్చుకోండి. దాన్నే 10 మీటర్లకు మార్చి, మా దగ్గర 10 మీటర్ల డీఈఎమ్ (ఎత్తుల రాస్టర్) ఉందని చెప్పేవాళ్లు కూడా ఉంటారు. పిక్సెల్ చిన్నదైనంత మాత్రాన కొలత సూక్ష్మం కాదు.

ఇక నా అభిప్రాయం: లెక్కలో వచ్చిన సైజు కంటే కొంచెం చిన్నది ఇవ్వడం ఎప్పుడూ మంచిదే, పెద్దది ఇవ్వడం ఎప్పుడూ నష్టమే. రీశాంప్లింగ్ వల్ల వచ్చే మసకను ఆ కాస్త అదనపు పిక్సెళ్లు సర్దుతాయి. అయితే మూడింట రెండు వంతుల కంటే చిన్నది చేయడం వల్ల హార్డ్ డిస్క్ నిండటం తప్ప లాభం లేదు.

అడుగు 5: రీశాంప్లింగ్ పద్ధతి

డైలాగ్‌లో నియరెస్ట్ నైబర్ ముందే ఎంచుకుని ఉంటుంది. దాన్ని మార్చాలా వద్దా అన్నది మీ రాస్టర్‌లోని అంకెల అర్థాన్ని బట్టి ఉంటుంది.

అంకెలు పేర్లు అయితే, అంటే భూ వినియోగం, నేల రకం లాంటివైతే, నియరెస్ట్‌నే ఉంచండి. ఎందుకో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. యూరప్ అంతరిక్ష సంస్థ ఇచ్చే వరల్డ్‌కవర్ మ్యాప్‌లో పంట భూమికి 40, నీటికి 80, బీడు నేలకు 60. కొల్లేరు అంచున ఒకవైపు వరి చేను, ఒకవైపు నీళ్లు. అక్కడ బైలీనియర్ వాడితే నలభైకీ ఎనభైకీ సగటు 60 వస్తుంది. చేనుకూ చెరువుకూ మధ్య ఒక బీడు భూమి పుట్టుకొస్తుంది! తప్పు అంకె వస్తే కనీసం పట్టుకోవచ్చు, ఇది చెల్లుబాటయ్యే అంకె కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కాకినాడ దగ్గర కోరంగిలో మడ అడవికి 95, నీటికి 80. అక్కడ సగటు 87.5, ఆ పేరుతో తరగతే లేదు. సెంటినెల్-2తో పాటు వచ్చే సీన్ క్లాసిఫికేషన్ పొరకూ ఇదే నియమం.

పేర్ల రాస్టర్‌ను 10 మీటర్ల నుంచి 100 మీటర్లకు పెద్దది చేస్తుంటే మాత్రం నియరెస్ట్ సరిపోదు. వంద పిక్సెళ్లలో ఏదో ఒకదాన్ని ఎంచుకుని మిగతా 99ని పారేస్తుంది. దానికి ‘మోడ్’ వాడండి. ఎక్కువ సార్లు కనిపించిన తరగతికే ఓటు వేస్తుంది.

అంకెలు కొలతలైతే, అంటే కాంతి, ఎత్తు, ఉష్ణోగ్రత, వర్షపాతం లాంటివైతే, బైలీనియర్ లేదా క్యూబిక్ వైపు వెళ్లాలి. బైలీనియర్ చుట్టుపక్కల నాలుగు పిక్సెళ్లను చూస్తుంది, క్యూబిక్ పదహారింటిని, లాంజోస్ ముప్పై ఆరింటిని. బైలీనియర్ ఎప్పుడూ ఆ నాలుగు విలువల హద్దు దాటదు కాబట్టి నమ్మకమైనది, కానీ మసక తెస్తుంది. ఆ మసక కూడా సమానంగా ఉండదు. కొత్త గడి నడిబిందువు పాత పిక్సెల్ మధ్యలో పడితే బొమ్మ ఉన్నదున్నట్టు ఉంటుంది, నాలుగింటి మూలలో పడితే నాలుగింటి సగటు అవుతుంది. తిరిగిన బొమ్మలో ఈ రెండూ వంతులవారీగా వస్తుంటాయి కాబట్టి ఒక పట్టీ పదునుగా, పక్క పట్టీ మసకగా చారలు పడినట్టు కనబడొచ్చు. క్యూబిక్‌లో ఈ తేడా బాగా తగ్గుతుంది. ఉపగ్రహ చిత్రాలకు, డ్రోన్ బొమ్మలకు కళ్లు మూసుకుని క్యూబిక్ పెట్టొచ్చు.

క్యూబిక్‌కూ ఒక గుణం ఉంది. బాగా వెలుగున్న చోటు పక్కనే బాగా చీకటి ఉంటే అంచును ఇంకా పదును చేయబోయి హద్దు దాటుతుంది. హుస్సేన్ సాగర్ ఒడ్డున తెల్లటి కప్పుల పక్కన నీటి మీద సన్నటి నల్ల అంచు కనబడితే అది దీని పనే. లాంజోస్‌లో ఇది ఇంకా ఎక్కువ. చూడటానికి ఇబ్బంది లేదు గానీ, నీటి ఉష్ణోగ్రత లెక్కలేసేవాళ్లు బైలీనియర్‌తో ఉండటమే క్షేమం. డీఈఎమ్‌లో కూడా నాగార్జున సాగర్ లాంటి చదునైన జలాశయం అంచున, కొండ మొదలయ్యే చోట, క్యూబిక్ నీటి మట్టాన్ని కొద్దిగా కిందికి దించేస్తుంది.

డీఈఎమ్‌కు నియరెస్ట్ మాత్రం పొరపాటున కూడా వద్దు. ఎత్తుల బొమ్మ చూస్తే ఏ తేడా తెలియదు. దాని మీద హిల్‌షేడ్ (కొండల వెలుగునీడల బొమ్మ) గానీ వాలు గానీ తీయగానే కొండల మీద నిలువు, అడ్డ గీతలతో వల పరిచినట్టు కనబడుతుంది. రెండుసార్లు అచ్చయిన వరసల దగ్గర వాలు సున్నా అయ్యి, పక్కనే రెట్టింపు అవడం దానికి కారణం.

పిక్సెల్‌ను బాగా పెద్దది చేస్తుంటే, ఉదాహరణకు 10 మీటర్ల బొమ్మను 100 మీటర్లకు తెస్తుంటే, కొలతలకు ‘యావరేజ్’ సరైనది. జనాభా లెక్కల లాంటి గడులకు సగటు కూడా తప్పే. మొత్తం మారకుండా ఉండాలంటే ‘సమ్’ కావాలి, అది జీడాల్ 3.1 నుంచి ఉంది.

అడుగు 6: గడులు కలిసేలా చూడండి

పిక్సెల్ సైజు సరిగ్గా ఇచ్చినా గడులు ఎక్కడి నుంచి మొదలవ్వాలో చెప్పకపోతే ఒక్కో ఫైలు ఒక్కో చోట మొదలవుతుంది. జీడాల్‌లో ‘టీఏపీ’ అనే ఆప్షన్ ఉంది. అది గడుల అంచులను పిక్సెల్ సైజు గుణిజాల మీద కూర్చోబెడుతుంది. క్యూజీఐఎస్ డైలాగ్‌లో అడ్వాన్స్‌డ్ భాగంలో అదనపు కమాండ్ పారామీటర్ల గడి ఉంటుంది, అక్కడ మైనస్ గుర్తుతో -tap అని రాయాలి. వెబ్ టైల్ సైజు ఇచ్చి దీన్ని పెడితే గడులు టైల్ వ్యవస్థతో కలిసిపోతాయి.

ల్యాండ్‌శాట్ దగ్గర జాగ్రత్త. 30 మీటర్ల ల్యాండ్‌శాట్ పిక్సెళ్ల అంచులు 30 గుణిజాల మీద ఉండవు, 15 మీటర్లు పక్కన ఉంటాయి, ఎందుకంటే అక్కడ నడిబిందువులు 30 గుణిజాల మీద పెడతారు. అదే జోన్‌లో ఊరికే కత్తిరించడానికి వార్ప్ వాడి ‘టీఏపీ’ పెట్టారంటే బొమ్మ సరిగ్గా అర పిక్సెల్ జరుగుతుంది. బైలీనియర్ అయితే ప్రతి పిక్సెల్ నాలుగింటి సగటు అవుతుంది, అంతకంటే మసక ఇంకోటి లేదు. కత్తిరించడానికి ‘క్లిప్’ వాడండి, లేదా ఎక్స్‌టెంట్‌ను (బొమ్మ నాలుగు హద్దులను) అసలు ఫైలు నుంచే తీసుకోండి.

అడుగు 7: మార్పిడి, ఒక్కసారే

రాస్టర్ మెనూ, ప్రొజెక్షన్స్, వార్ప్. ఇన్‌పుట్, సోర్స్ ప్రొజెక్షన్, టార్గెట్ ప్రొజెక్షన్, రీశాంప్లింగ్, రిజల్యూషన్ అన్నీ రాసుకున్న కాగితం చూసి నింపండి. డైలాగ్ అడుగున అసలు నడిచే కమాండ్ కనబడుతుంది. దాన్ని కాపీ చేసి ఒక టెక్స్ట్ ఫైల్‌లో దాచుకుంటే ఆరు నెలల తర్వాత ఏం చేశామో వెతుక్కోనక్కర్లేదు.

నోడేటా గడి ఖాళీగా వదలొద్దు. బొమ్మ తిరిగినప్పుడు నాలుగు మూలల్లో ఖాళీ వస్తుంది. ఖాళీ అంటే సున్నా అని సాఫ్ట్‌వేర్‌కు తెలియకపోతే అంచు పిక్సెళ్లలో ఆ నలుపును కూడా కలిపి సగటు తీస్తుంది. పక్కపక్క టైల్స్ కలిపినప్పుడు మధ్యలో కనబడే సన్నటి నల్ల గీత అలా వచ్చిందే. జేపెగ్‌లో కంప్రెస్ అయిన బొమ్మల్లో నలుపు కచ్చితంగా సున్నా ఉండదు, ఒకటి, రెండు, మూడు అలా ఉంటుంది. వాటికి ముందు జీడాల్‌లోని ‘నియర్‌బ్లాక్’ పనిముట్టుతో అంచు శుభ్రం చేయాలి.

ఒక్కసారే అన్న మాటకు వస్తే: కలపడం, ప్రొజెక్షన్ మార్చడం, కత్తిరించడం మూడు వేర్వేరు పనులుగా చేస్తూ ప్రతిసారీ కొత్త ఫైలు రాస్తే, గడులు కదిలిన ప్రతిసారీ రీశాంప్లింగ్ జరుగుతుంది. దానికి మందు వర్చువల్ రాస్టర్. ‘బిల్డ్ వర్చువల్ రాస్టర్’తో ఒకే జోన్ టైల్స్ కలిపితే పిక్సెళ్లు కదలవు, ఒక చిన్న సూచిక ఫైలు మాత్రమే తయారవుతుంది. దాని మీద ఒక్క వార్ప్, అందులోనే ఎక్స్‌టెంట్. పని అయిపోయింది.

పిరమిడ్ల మెలిక ఒకటుంది. పిక్సెల్‌ను పెద్దది చేసేటప్పుడు జీడాల్ వేగం కోసం ఫైల్‌లోని పిరమిడ్ల నుంచి చదువుతుంది. ఆ పిరమిడ్లను ఎవరో నియరెస్ట్‌తో కట్టి ఉంటే మీరు యావరేజ్ అడిగినా గరుకు బొమ్మే వస్తుంది. ‘ఓవీఆర్’ (-ovr) ఆప్షన్‌కు ‘నన్’ (NONE) ఇస్తే అసలు పిక్సెళ్ల నుంచే లెక్కిస్తుంది.

కంప్రెషన్ చివర్లో. వార్ప్ చేస్తూనే కంప్రెస్ చేస్తే టిఫ్ ఫైలు లోపల వృథా జాగా మిగిలి సైజు ఉబ్బుతుంది. ముందు కంప్రెషన్ లేకుండా రాసి, తర్వాత ‘ట్రాన్స్‌లేట్’తో డిఫ్లేట్ కంప్రెషన్ పెట్టండి. జేపెగ్ చూపించే చివరి కాపీకి మాత్రమే.

స్కాన్ చేసిన టోపోషీట్లు

ఇవి వేరే జాతి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీటును 300 డీపీఐలో స్కాన్ చేస్తే ఒక పిక్సెల్ కాగితం మీద 0.085 మిల్లీమీటర్లు, నేల మీద 4.23 మీటర్లు. 600 డీపీఐ అయితే 2.1 మీటర్లు. 300 డీపీఐ షీటుకు టార్గెట్ 3 మీటర్లు ఇస్తే ఫైలు రెట్టింపు అవుతుంది, కానీ సన్న గీతలు, ఊళ్ల పేర్లు నిలబడతాయి. ఒక మీటర్ ఇస్తే 18 రెట్లు, కనబడే లాభం మాత్రం ఏమీ లేదు.

పాత స్కాన్లలో చాలా వాటికి రంగుల పట్టిక ఉంటుంది. పిక్సెల్‌లో ఉండేది రంగు కాదు, పట్టికలో వరస సంఖ్య. దాని మీద క్యూబిక్ నడిపితే వరస సంఖ్యల సగటు వస్తుంది, ఎరుపు రోడ్డు అంచున సంబంధం లేని రంగులు చిలకరించినట్టు పడతాయి. రాస్టర్ మెనూలో కన్వర్షన్ కింద ‘పీసీటీ టు ఆర్‌జీబీ’ ఉంది. ముందు అది చేసి, తర్వాత క్యూబిక్.

జియోరెఫరెన్సింగ్ (స్కాన్‌కు నేల మీది చోటు చెప్పడం) దగ్గరే ఒకసారి రీశాంప్లింగ్ జరిగిపోతుందని చాలామంది గమనించరు. జియోరెఫరెన్సర్ కొత్త టిఫ్ రాసింది, దాన్ని మళ్లీ వార్ప్ చేశారు, అంటే రెండుసార్లు. దీన్ని తప్పించొచ్చు. గుర్తించిన పాయింట్లను ‘ట్రాన్స్‌లేట్’తో స్కాన్ ఫైలుకే అతికించండి, పిక్సెళ్లు కదలవు. తర్వాత ఒకే వార్ప్‌లో టార్గెట్ ప్రొజెక్షన్ ఇస్తే పాయింట్ల సర్దుబాటు, ప్రొజెక్షన్ మార్పు రెండూ ఒకే లెక్కలో అయిపోతాయి.

పాత షీట్లు ఎవరెస్ట్ డేటమ్‌లో (భూమి ఆకారానికి వాడిన పాత కొలమానంలో), పాలీకోనిక్ ప్రొజెక్షన్‌లో ఉంటాయి. 2005 జాతీయ మ్యాప్ విధానం తర్వాత వచ్చిన ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యూజీఎస్84, యూటీఎం. పాత షీటు మూలల అక్షాంశ రేఖాంశాలను డబ్ల్యూజీఎస్84 అనుకుని కొడితే హైదరాబాద్ దగ్గర బొమ్మ వంద మీటర్ల స్థాయిలో పక్కకు పోతుంది. ఆ జరుగుడును ఏ రీశాంప్లింగూ సరిచేయలేదు.

అడుగు 8: చెక్ చేయడం

కొత్త ఫైలును పాతదాని మీద పెట్టి, రెండింటికీ తెర రీశాంప్లింగ్‌ను నియరెస్ట్‌కు మార్చండి. లేకపోతే తెర తీసుకొచ్చే నునుపును ఫైలు నునుపు అనుకుంటారు. పిక్సెల్‌కు పిక్సెల్ కనబడేంత జూమ్‌లో ఏదైనా తిన్నటి వస్తువును వెతకండి: రన్‌వే, కాలువ, రైలు పట్టాలు. విరుపులు కనబడితే నియరెస్ట్ మిగిలిపోయిందన్నమాట.

తర్వాత అంకెలు. కొలతల రాస్టర్ అయితే సగటు విలువ దాదాపు మారకూడదు. కనిష్ఠం కొత్తగా రుణ సంఖ్య అయిందంటే క్యూబిక్ హద్దు దాటింది. ఎక్కడో సున్నాలు చేరి సగటు పడిపోయిందంటే నోడేటా జారింది. పేర్ల రాస్టర్ అయితే ‘యూనిక్ వాల్యూస్ రిపోర్ట్’ నడిపి, పాత ఫైల్‌లో లేని అంకె ఒక్కటైనా వచ్చిందేమో చూడండి. కొల్లేరు బీడు భూమి లాంటివి అంకెల జాబితాలో దొరకవు కాబట్టి ఒక్కో తరగతి విస్తీర్ణం కూడా పోల్చాలి. ఈ పోలిక యూటీఎంలో చేయండి, వెబ్ మెర్కేటర్‌లో కాదు.

చివరగా కొత్త ఫైలుకు పిరమిడ్లు కట్టండి. డైలాగ్‌లో మామూలుగా ఉండే నియరెస్ట్‌ను బొమ్మలకు యావరేజ్‌గా, పేర్ల రాస్టర్లకు మోడ్‌గా మార్చండి. వెబ్ టైల్స్‌ను క్యూజీఐఎస్‌లోని ‘జనరేట్ ఎక్స్‌వైజెడ్ టైల్స్’తో చేస్తుంటే, అది తెర మీది బొమ్మనే టైల్స్‌గా గీస్తుంది కాబట్టి ఇందాక నియరెస్ట్‌కు మార్చిన తెర సెట్టింగ్‌ను మళ్లీ క్యూబిక్‌కు తెచ్చాకే నడపాలి.